తప్పు ఏది, యాస ఏది, ఇంగ్లిష్‌కు లొంగని మాట ఏది?

చెల్లె, నీ ప్రశ్న చదివాను. నువ్వు రాసి పంపిన వార్తలు ఎర్ర గీతలతో తిరిగొస్తున్నాయని, అందులో కొన్ని నిజంగా తప్పులే అయినా కొన్ని మాత్రం పరకాల, హనుమకొండ దిక్కు అందరం అనే మాటలేనని, పైగా అవే వార్తలను ఇంగ్లిష్‌లోకి మార్చమంటే 'మత్తడి', 'ఎంగిలి', 'సాదాబైనామా' లాంటి మాటల దగ్గర చెయ్యి ఆడటం లేదని రాశావు. వరంగల్ ప్రెస్సుల్లో, పత్రికాఫీసుల్లో ప్రూఫులు దిద్దడమే నా పని, ఏళ్ల తరబడి చేస్తున్న పని. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, వార్తలు అన్నీ నా చేతి మీదుగా పోయినవే. కొంచెం పొడుగైనా వివరంగానే చెప్తా.

ముందు ఆ ఎర్ర గీతలన్నిటినీ ఒకే గాటన కట్టకు. 'భాద' అని రాస్తే అది తప్పు, దిద్దుకోవాల్సిందే. 'వచ్చిండు' అని రాస్తే అది యాస, తప్పు కాదు. 'మత్తడి'కి, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే కట్టుకు, సరిపోయే ఇంగ్లిష్ మాట దొరకకపోతే నీకు ఇంగ్లిష్ రానట్టు కాదు, ఆ మాటలో మనకు వినిపించేదంతా ఆ భాషలో ఒక్క మాటలో లేదు అంతే. మూడూ వేర్వేరు సంగతులు. కానీ మూడింటికీ పనికొచ్చే ప్రశ్న ఒకటే: ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? సంస్కృతం నుంచా, ఉర్దూ నుంచా, మన ఊళ్లో పుట్టిందా? ఇది అడగడం అలవాటైతే సగం టెన్షన్ పోతుంది.

తప్పుల్లో ఎక్కువ భాగం ఒత్తి పలికే అక్షరాల దగ్గరే జరుగుతాయి. అచ్చ తెలుగు మాటల్లో ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ ఉండవు. చిన్నయసూరి సంస్కృతానికి వర్ణాలు 50 అని, తెలుగుకు 36 అని లెక్క కట్టడంలో ఇది కూడా ఉంది. కాబట్టి పెద్ద, వద్దు, ముద్ద, గడ్డ, బువ్వ లాంటి మాటలకు ఒత్తు, అంటే ఈ ఒత్తి పలికే అక్షరం, పెట్టే పనే లేదు. పద్ధతి, బుద్ధి, శ్రద్ధ, యుద్ధం, అభివృద్ధి సంస్కృతం నుంచి వచ్చినవి, వీటన్నిటికీ ద కింద ధ ఉండాలి. 'పద్దతి', 'అభివృద్ది' అని రోజూ ఎన్ని ఫ్లెక్సీల మీద చూస్తామో చెప్పలేను. యాభై, ఎనభై, తొంభై లాంటి అంకెలు ఈ సూత్రానికి లోబడవు, వాటిని గుర్తుపెట్టుకోవడమే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, మన దగ్గర ఎక్కువగా కనిపించేది. ఆషాఢం వచ్చిందంటే 'భోనాలు' అని పోస్టర్లు పడతాయి. అది తప్పు. బోనం అనేది భోజనానికి వికృతి. సంస్కృతం మాట జనం నోట్లో నలిగి తెలుగైనప్పుడు ఒత్తు రాలిపోతుంది. భోజనం బోనం అయింది, భిక్షం బిచ్చం అయింది, కథ కత అయింది, భాష బాస అయింది. అసలు మాట రాస్తే ఒత్తుతో రాయి, వికృతి రాస్తే ఒత్తు లేకుండా రాయి. రెండిటినీ కలిపి 'భోనం', 'భిచ్చం' అని రాస్తే అది ఇటూ కాదు అటూ కాదు. మంచి మనసుతో, ఘనంగా ఉండాలనే ఆ ఒత్తు పెడతారు, నాకు తెలుసు, కానీ బోనం ఒత్తు లేకుండానే ఘనమైన మాట.

బాధ సంగతి వేరు. నేను దిద్దే మాటల్లో బహుశా ఇదే మొదటిది: భాద, భాధ, బాద, అన్ని రకాలూ వస్తాయి. సంస్కృత ధాతువుల్లో మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ రెండిటికీ ఒత్తు ఉండడం అనేది దాదాపు లేదు. అంటే 'భాధ', 'భోధన', 'భంధువు' అని రెండు చోట్లా ఒత్తు పెట్టావంటే ఒకటి కచ్చితంగా తీసేయాలి. ఏది తీసేయాలి? బాధ, బాధ్యత, బోధన, బంధువు, బుద్ధుడు: వీటిల్లో ఒత్తు రెండో అక్షరానికి. భేదం, భద్రత: వీటిల్లో మొదటిదానికి. అందుకే 'విభేదాలు' సరైనది, 'విబేధాలు' తప్పు. ఈ మాటలు ఒక కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టుకో, నీ ఎర్ర గీతలు ఎంత తగ్గుతాయో చూడు.

థ, ధ మధ్య తేడా ఇంకో గుంట. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. అర్ధరాత్రి, అర్ధాంగి సగానికి సంబంధించినవి కాబట్టి ధ. విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన అన్నీ 'అర్థ' నుంచి వచ్చినవి, అంటే కోరుకోవడం, కాబట్టి థ. విద్యను కోరేవాడు విద్యార్థి. 'విద్యార్ధి' అని రాస్తే సగం చదువు అన్నట్టవుతుంది. ప్రథమ అనేదాంట్లో థ, ప్రధానలో ధ. ప్రభుత్వం ఇచ్చేది పథకం, ఆటల్లో గెలిచేది పతకం, 'పధకం' అనేది ఏదీ కాదు. శాఖ అంటే కొమ్మ, శాకం అంటే కూరగాయ. హోటల్ బోర్డు మీద 'శాఖాహారం' అని ఉంటే అక్కడ కొమ్మలు వడ్డిస్తున్నారని అర్థం. శాకాహారం అని రాయాలి. ఇట్లా అర్థం చెడగొట్టే తప్పులను మొదట పట్టుకో, మిగతావి నిదానంగా చూసుకోవచ్చు.

పెళ్లి కార్డు ప్రూఫు పట్టుకుంటే నా కన్ను ముందు 'ఆహ్వానం' మీదికి పోతుంది. 'ఆవ్హానం' అనో 'ఆహ్వనం' అనో ఉంటుంది. మనం పలికేటప్పుడు హ వెనక్కి పోతుంది: నోటితో బ్రమ్హ, చిన్హం, మధ్యాన్హం అంటాం. రాతలో మాత్రం హ ముందు ఉండాలి, దాని కింద వ, మ, న రావాలి: ఆహ్వానం, బ్రహ్మ, చిహ్నం, మధ్యాహ్నం. ఇట్లాగే త్స తిరగబడి 'సంవస్తరం', 'ఉస్తవం' అవుతుంది, సంవత్సరం, ఉత్సవం అనాలి. ఆ కార్డులోనే కిందికి వస్తే 'జేష్ట పుత్రుడు', 'కనిష్ట పుత్రిక' ఉంటాయి. జ్యేష్ఠ, కనిష్ఠ, రెండిటికీ ఠ. ప్రతిష్ఠ, నిష్ఠ కూడా అంతే. కష్టం, ఇష్టం, దృష్టి మాత్రం మామూలు ట. 'ముహుర్తం' కాదు ముహూర్తం. 'వదువు' కాదు వధువు. జన్మలో ఒకసారి వేయించుకునే కార్డు, ఇంటింటికీ పోయి పసుపు పెట్టి ఇచ్చే కార్డు, దాంట్లో అమ్మాయి పేరు ముందు తప్పు ఉంటే ఆ తల్లిదండ్రులకు ఎంత బాధో నేను కళ్లారా చూశాను. అందుకే డీటీపీ చేసేవాళ్లు "ఎవరు చూస్తరు సార్" అంటే నేను ఒప్పుకోను. చూస్తారు.

ఇంకొన్ని గబగబా చెప్తా. ధ్రువీకరణ పత్రం సరైనది, 'ధృవీకరణ' కాదు. దృఢం సరైనది, 'ధృడం' కాదు. ఉచ్చారణకు ఒత్తు లేదు, స్వచ్ఛకు, స్వేచ్ఛకు ఉంది. శబ్దంలో మామూలు ద, లబ్ధిలో ధ. సంప్రదాయం నామవాచకం, దానికి దీర్ఘం లేదు, 'సాంప్రదాయం' అనకు, కావాలంటే సాంప్రదాయిక అను. కృతజ్ఞత, విజ్ఞప్తి, జ్ఞానం రాసేటప్పుడు జ కింద ఞ పడాలి. కీబోర్డులో జ బదులు ఙ కొట్టి 'కృతఙ్ఞత' చేస్తారు, చిన్న అక్షరాల్లో తేడా కనపడదు, పెద్ద ఫ్లెక్సీ వేశాక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఫోన్ కీబోర్డు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ వయసువాళ్ల తప్పుల్లో చాలావరకు చేతివి కావు, ఫోన్‌వి. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించుకునేటప్పుడు డీ, హెచ్ కలిపి కొడితే ద వస్తుందో ధ వస్తుందో ఫోన్ ఊహించి పెడుతుంది. టీ, హెచ్ కొడితే త, థల మధ్య అదే గొడవ. మొదట వచ్చిన మాటను నొక్కేసి ముందుకు పోకు, పైన చూపించే మూడు నాలుగు మాటలూ చూసి సరైనది ఎంచుకో. వీలైతే తెలుగు అక్షరాలే నేరుగా ఉండే కీబోర్డు నేర్చుకో. మొదట్లో నత్తనడకే, చెయ్యి తిరిగాక ఊహల బెడద ఉండదు. అట్లాగే పాత అనూ ఫాంట్లలో ఉన్న ఫైలును యూనికోడ్‌లోకి మార్చితే ఒత్తులు, దీర్ఘాలు అటూ ఇటూ అవుతాయి, ఆ ఫైలును కొత్తదానిలాగే మొదటి నుంచి చదవాలి.

అన్నిట్లోనూ నేను ఇంత గట్టిగా ఉండను. 'కళ్యాణం' నిఘంటువు ప్రకారం కల్యాణం. కానీ ఇంటి పేరులా అందరి నోట, అందరి కార్డుల మీద 'కళ్యాణం' స్థిరపడింది, కస్టమర్ అదే కావాలంటే నేను కొట్టేయను. పెళ్లి, పెళ్ళి రెండూ సరే. పండగ, పండుగ రెండూ సరే. ఒక వ్యాసంలో మొదట ఏది రాశావో చివరిదాకా అదే రాయి.

ఇక యాస. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. 'వచ్చిండు', 'చేసిన్రు', 'మంచిగ', 'ఊర్ల', 'గట్ల' ఇవేవీ స్పెల్లింగ్ తప్పులు కావు. వాటికి వాటి వ్యాకరణం ఉంది. 'ఆడు' ఉన్న చోట 'ఇండు' అనడం కోట్ల మంది నోట ఒకే పద్ధతిలో నడుస్తున్న సంగతి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నది ఊరికే కాదు, ఆయన జీవితమంతా జనం మాటకు మర్యాద ఉండాలనే కొట్లాడారు. (ఆయన పేరు కూడా 'కాలోజీ' అని రాస్తున్నారు. ళ, ల కాదు.) కాబట్టి ఎడిటర్ 'వచ్చిండు' కింద ఎర్ర గీత గీస్తే నువ్వు మర్యాదగానే అడుగు: సార్, ఇది తప్పా, లేక మన పత్రిక శైలి కాదా? రెండూ ఒకటి కాదు. శైలి కాదంటే నీ కథనంలో మార్చు, పత్రికకు ఒక శైలి ఉండడం న్యాయమే. కానీ రైతు మాట్లాడిన మాటను కోట్ చేసేటప్పుడు మాత్రం మార్చవద్దని గట్టిగా అడుగు. నర్సంపేట రైతు "పంట పురాగ పోయింది సారు" అంటే దాన్ని "పంట పూర్తిగా నష్టపోయాం" అని రాయడం ఆయన నోట్లో వేరే మనిషి మాట పెట్టడమే.

అయితే యాస రాయడంలోనూ క్రమం ఉండాలి. ఒకే మనిషి ఒక వాక్యంలో 'వచ్చిండు' అని, మరో వాక్యంలో 'చెప్పాడు' అని అనకూడదు. కరీంనగర్ దిక్కు 'అచ్చిండు' అంటారు, వరంగల్ దిక్కు 'వచ్చిండు', 'ఒచ్చిండు' రెండూ వినిపిస్తాయి. విన్నది విన్నట్టు రాయి, అంతే. పేర్ల విషయం మాత్రం వేరు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది, వార్తలో జిల్లా పేరు హనుమకొండ అనే రాయాలి, మనిషి నోటి మాటలో హన్మకొండ ఉంటే ఉండనీ.

ఉర్దూ మాటల దగ్గర చాలామంది తడబడతారు. 1948 దాకా మన దగ్గర సర్కారు భాష ఉర్దూ, అందుకే భూమికి, సర్కారు కచేరీకి సంబంధించిన మాటల్లో చాలావరకు అటు నుంచే వచ్చాయి. నేను పాటించే సులువు ఒకటుంది: ఉర్దూలో స పలికే చోట స, ష పలికే చోట ష, శను మాత్రం సంస్కృతం మాటలకు వదిలేయి. తహసీల్దార్ (తహశీల్దార్ కాదు), ఫసల్, సాదా ఒక దిక్కు. షాదీ, షరతు, షురూ, షామియానా ఇంకో దిక్కు. ఖర్చు, ఖాళీ, ఖరీదు, ఖాతా ఖతోనే రాస్తాం, ఇవి అచ్చ తెలుగు కావు కాబట్టి ఒత్తు ఉండడంలో వింత లేదు. పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, 'ఖుష్కి' అని ఉంటే దాన్ని 'కుస్కి' అని దించకు.

ఇప్పుడు నీ అసలు కష్టం, ఇంగ్లిష్‌కు లొంగని మాటలు. మొదట నిజంగా లొంగవా అని పరీక్షించు. అదే పహాణీలో తరి, ఖుష్కి పక్కపక్కనే ఉంటాయి: పారసీలో తర్ అంటే తడి, ఖుష్క్ అంటే పొడి, ఇంగ్లిష్‌లో వెట్ ల్యాండ్, డ్రై ల్యాండ్ అంటే సరిపోయింది. లొల్లి అంటే సందర్భాన్ని బట్టి గొడవో, అరుపులో, చక్కగా మారుతుంది. మన మాట కదా అని ప్రతిదాన్నీ అట్లే ఉంచితే అది బద్ధకం.

సాదాబైనామా అట్లాంటిది కాదు. సాదా అంటే ఏమీ లేని మామూలు కాగితం, బై అంటే అమ్మకం, నామా అంటే పత్రం. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకుని, పెద్దమనుషుల ముందు సంతకాలు, వేలిముద్రలు పెట్టుకున్న భూమి కొనుగోలు. ఇంగ్లిష్‌లో 'సేల్ డీడ్' అంటే రిజిస్టర్ అయినట్టు అనిపిస్తుంది, పూర్తిగా ఉల్టా. ప్రభుత్వ ఇంగ్లిష్ ఉత్తర్వుల్లోనే సాదాబైనామా అని ఉంటుంది. కాబట్టి నువ్వూ మాటను ఉంచి, మొదటిసారి వచ్చిన చోట కామా పెట్టి ఒక్క ముక్కలో అదేమిటో చెప్పు, తర్వాత ఇక వివరణ అవసరం లేదు.

మత్తడికి ఇరిగేషన్ వాళ్లు 'సర్‌ప్లస్ వియర్' అంటారు. రిపోర్టుకు అది చాలు. వార్తకు చాలదు. 'పాకాల చెరువు మత్తడి దుంకుతోంది' అన్నప్పుడు మనకు వినిపించేది ఒక కట్టడం పేరు కాదు. చెరువు నిండింది, రెండు పంటలకు ఢోకా లేదు, చూడటానికి జనం బండ్లు కట్టుకుని పోతున్నారు, ఎదురెక్కే చేపలకు వలలు పడ్డాయి. అక్కడ కట్టడం పేరు వెతకడం మానేసి ఆ సంగతి రాయి: చెరువు నిండి పొర్లుతోంది అని ఒక వాక్యం, ఊరికి దానర్థం ఏమిటో ఇంకో వాక్యం. కొసమెరుపు ఏమిటంటే ఆయకట్టు అనే మన మాటను మన దేశంలో ఇంజినీర్లు ఇంగ్లిష్‌లోనూ అట్లే వాడుకుంటున్నారు. పందికొక్కు పోయి ఇంగ్లిష్‌లో బాండికూట్ అయింది. పక్కవాడి కష్టానికి సంతోషపడటాన్ని చెప్పే షాడెన్‌ఫ్రాయిడ అనే జర్మన్ మాటను ఇంగ్లిష్ వాళ్లు మార్చకుండా అట్లే తెచ్చుకున్నారు. వాళ్లు లేని మాటను తెచ్చుకోవడానికి సిగ్గుపడలేదు, నువ్వు ఉన్న మాటను ఇవ్వడానికి ఎందుకు జంకాలి?

ఎంగిలిని 'లెఫ్టోవర్' అని మార్చినవాళ్లను చూశాను, అది మిగిలిన కూర. ఎంగిలి మిగిలిందా లేదా అనే లెక్క కాదు, నోరు తగిలిందా లేదా అనే లెక్క. చిన్న పిల్లలు జామకాయను చొక్కా అంచులో చుట్టి, బట్ట మీద నుంచి కొరికి, కాకెంగిలి అని సగం దోస్తుకు ఇస్తారు చూడు, నోరు బట్టకు తగిలింది కాని కాయకు తగల్లేదు, కాబట్టి తినొచ్చు. ఆ ఒక్క దృశ్యం రాస్తే ఇంగ్లిష్ చదివేవాడికి ఎంగిలి అంటే ఏమిటో నిర్వచనం లేకుండానే తెలుస్తుంది. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాటి ఎంగిలిపూల బతుకమ్మను మాత్రం పేరుగానే ఉంచు. పండుగ పేరును విడగొట్టి అనువాదం చేస్తే నవ్వులపాలవుతుంది.

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర వార్తలో అన్నిటికన్నా ప్రమాదం బంగారం. అక్కడ బంగారం అంటే బెల్లం. 'నిలువెత్తు బంగారం సమర్పించారు' అన్నదాన్ని ఉన్నదున్నట్టు గోల్డ్ అని మార్చితే పేద కుటుంబం అరవై కిలోల పసిడి ఇచ్చినట్టు అచ్చవుతుంది. దసరా నాడు పంచుకునే జమ్మి ఆకూ బంగారమే. ఇట్లాంటి చోట మాటనూ ఉంచాలి, అది బెల్లమని అదే వాక్యంలో చెప్పాలి, ఎందుకంటే బెల్లం అని మాత్రమే రాస్తే భక్తి పోతుంది, బంగారం అని మాత్రమే రాస్తే నిజం పోతుంది. అక్కడి అమ్మవార్ల గద్దెను కూడా 'ప్లాట్‌ఫారం' అనకు, గద్దె అనే ఉంచు.

'జర' గురించి కూడా అడిగావు. "జర చెప్పు సారు" అన్నప్పుడు అది కొంచెం అనే కొలత కాదు, బతిమాలడం, చనువు, మర్యాద అన్నీ కలిసిన మాట. ఇంగ్లిష్‌లో ఒక్క మాట కోసం వెతకొద్దు, మొత్తం వాక్యాన్ని మెత్తగా రాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: సంస్కృతం మాటల స్పెల్లింగుకు శబ్దరత్నాకరం నిఘంటువు, మన మాటలకు నలిమెల భాస్కర్ గారి తెలంగాణ పదకోశం. నిఘంటువులు నెట్‌లో వెతకాలంటే ఆంధ్రభారతి ఉంది, ఫోన్‌లోనే చూసుకోవచ్చు. రాసిన వెంటనే దిద్దుకోకు, కాసేపాగి, వీలైతే అచ్చు తీసి, వేలు పెట్టి ఒక్కో మాటా చదువు. శీర్షికలు, పేర్లు, ఫొటోల కింది వాక్యాలు చివర్లో విడిగా చూడు, అందరూ తప్పులు వదిలేది అక్కడే. తిరిగొచ్చిన పేజీల్లో ఏ గీత తప్పుకు పడిందో, ఏది యాసకు పడిందో రెండు రంగుల్లో విడదీసి, యాసవి మాత్రం ఎడిటర్‌తో కూర్చుని మాట్లాడు. ఆయన ఒప్పుకున్నవి, ఒప్పుకోనివి ఒక కాగితం మీద రాయించుకో, వచ్చే వారం కొత్త సబ్ ఎడిటర్ వచ్చినా అదే కాగితం చూపించొచ్చు.